మాయమైన తప్పు

2008 డిసెంబరు ఎనిమిదో తేదీ, సోమవారం. ఉదయం పదిన్నరకు తెనాలి బోస్ రోడ్డులోని కనకదుర్గ ఆఫీసుకు ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాది ఒక వస్తువు పోయిందమ్మా."

"ఏంటండి పోయింది?"

"నేను చేసిన తప్పు."

కనకదుర్గ పెన్ను కింద పెట్టింది. ఆమె ఇరవై రెండేళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి, మానేసి, ఈ ప్రైవేటు విచారణల పని పెట్టుకుంది. పెళ్లి సంబంధాల వాకబులు, దొంగ సంతకాల కేసులు ఎక్కువ వస్తాయి. అసిస్టెంటు ప్రభుదాస్ రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు వేరు చేసి రిటైరయ్యాడు. ఆమె అడిగే ప్రశ్నలన్నీ అతను నోటుబుక్కులో రాసుకుంటాడు. జవాబులు రాసుకోడు. జవాబు ఎవరైనా చెబుతారని, ప్రశ్న మాత్రం ఆమే అడగగలదని అతని నమ్మకం.

పెద్దాయన పేరు వేంకటసుబ్రహ్మణ్యం. బాపట్లలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి నుంచి వచ్చే ఒక మాసపత్రికలో తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ల మీద ఒక పేజీ రాస్తున్నారు. పత్రిక నాలుగు వందల కాపీలు వేస్తారు. ఎదురు పేజీ రాసేది రేపల్లెలో కంప్యూటర్ల షాపు నడిపే దీపక్. ఇద్దరికీ పడదు. పడకపోవడమే ఆ రెండు పేజీలు.

"హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతుంది కదమ్మా. అది లేకుండా, పెన్ డ్రైవులో ఉండే ఫ్లాష్ మెమరీతోనే పెద్ద డిస్కులు వస్తాయని రెండేళ్ల కిందట అందరూ అంటున్నారు. ఏ రకం మెమరీతో వస్తాయన్నది మా తగాదా. ఒక గదిలో ఒకే బిట్టు దాచే రకం ఖరీదు. లక్షసార్లు రాసినా తట్టుకుంటుంది. అదే గదిలో రెండు బిట్లు కుక్కే రకం చవక. పదివేల సార్లకు అరిగిపోతుంది. ఒక బిట్టు రకమే నిలుస్తుందని నేను. రెండు బిట్లదే వస్తుందని దీపక్. 2007 జనవరి మొదటి ఆదివారం ఎవరి జోస్యం వాళ్లు రాసి, కవర్లలో పెట్టి, లక్క వేయించాం. 2008 డిసెంబరు మొదటి ఆదివారం విప్పాలి. తప్పినవాడు పేజీ మానెయ్యాలి."

"ఎవరు తప్పారు?"

"నేనే. సెప్టెంబరులో రెండు బిట్ల రకంతో ఎనభై జీబీ డిస్కు బయటికొచ్చింది. ఓడిపోయానని తెలిసే నిన్న పత్రిక ప్రెస్సుకు వెళ్లాను. కవర్లు విప్పితే ఇద్దరం గెలిచాం."

ఆయన ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కవరు, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి. రెండు బిట్ల రకమే వస్తుంది. అరుగుదలను గదులన్నిటికీ సమంగా పంచే ఏర్పాటు చేస్తారు. అందువల్ల పదివేల సార్లు చాలు. 2008 ముగిసేలోగా ఎనభై జీబీ డిస్కు అంగట్లో ఉంటుంది.

"చేతిరాత ఎవరిదండి?"

"నాదే. అదే నా భయం. నేను రాసింది ఇది కాదు. రాసిన మాటలు వరసగా చెప్పగలను. కాగితం ఇంకోటి చెబుతోంది." ఆయన అప్పుడు కూర్చున్నారు. "ఇంట్లో నేనొక్కణ్ణేనమ్మా. మతి తప్పుతుంటే పక్కనుండి చెప్పేవాళ్లు లేరు. దొంగ ఉన్నాడా, నా బుర్ర పోతోందా, ఆ ఒక్క ముక్క చెప్పు. బుర్రే అయితే ఇల్లు ఖాళీ చేసి ఏ ఆశ్రమంలోనో చేరతాను, చేరాలన్న తెలివి ఉండగానే."

"ప్రెస్సులో అడగలేదా?"

"అడిగితే వాళ్లలో ఒకరిని దొంగ అన్నట్టు. మాట్లాడ్డానికి నాకున్నది వాళ్లు ముగ్గురే."

కనకదుర్గ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంది. నడిమధ్య ఒక చిల్లు ఉంది. కుడివైపు పైన సున్నా చుట్టిన ఒకటి అంకె ఉంది. కాగితం మూడు మడతలు పడి ఉంది. చిల్లు ఒక్కటే.

కవరును ప్రభుదాస్ చూశాడు. బ్రౌన్ పేపరుతో చేత్తో చేసిన కవరు. నిన్న దాన్ని అతుకు లేని పక్కన కత్తిరించి విప్పారు. పైమడత మీద లక్క, దాని మీద మూడు సంతకాలు అలాగే ఉన్నాయి.

"పైన ఎవరూ ముట్టుకోలేదు మేడం. పక్క అతుకు కూడా గట్టిగా ఉంది. అడుగు అతుకును మాత్రం పురుగు తినేసింది."

"ఒక్క అడుగునేనా?"

ప్రభుదాస్ ఆ ప్రశ్న రాసుకున్నాడు.

మధ్యాహ్నం కనకదుర్గ, ప్రభుదాస్ ప్రెస్సుకు వెళ్లారు. పత్రిక యజమాని పూర్ణచంద్రరావు గట్టు మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నాడు. పక్కన గిన్నెలో మైదా జిగురు ఉంది. రంగు నీలంగా ఉంది.

"ఇదేంటండి, నీలిమందు కలిపారా?"

"మైలుతుత్తం అమ్మా. వెయ్యకపోతే మైదాకి పురుగు పడుతుంది. ముందు పుస్తకాల్ని తింటుంది, తర్వాత నన్ను. నలభై ఏళ్లుగా మా ప్రెస్సులో తుత్తం లేని జిగురు లేదు."

"పందెం కవర్లు కూడా ఇక్కడే చేశారా?"

"నేనే చేశా. ఆ బీరువాలో పెట్టా. తాళంచెవి అదిగో, మేకుకు." అతను వేలు చూపించాడు. తాళంచెవి వీధిలోకి కూడా కనిపిస్తోంది. "ఎవరెత్తుకుపోతారండి, జోస్యాల్ని. జనవరి సంచికలో ఇద్దరి ఫోటోలూ వేస్తున్నా. పత్రికకు ఇన్నాళ్లకు ఒక వార్త దొరికింది."

లోపలి గదిలో సారా కంప్యూటరు ముందుంది. పత్రిక మొత్తం ఆమే టైపు చేస్తుంది. బల్ల మీద చెక్కదిమ్మకు నిలబెట్టిన ఇనప ఊచ ఉంది. పనైపోయిన రాతప్రతులన్నీ దానికి గుచ్చి ఉన్నాయి. పై కాగితం మధ్యలో చిల్లు ఉంది.

"మాస్టారి రాత మీరు బాగా ఎరుగుదురా?"

"నా రాతకన్నా బాగా తెలుసండి. ఎప్పుడూ రెండు కాగితాలు పంపుతారు, ఒకటి, రెండు అని అంకెలు వేసి. రెండోదే టైపు చేస్తాను. ఒకటోది పూర్ణచంద్రరావు గారు వద్దంటారు, జాగా ఉండదని. అది అలాగే ఊచకు గుచ్చేస్తా."

"ఒకటోదాంట్లో ఏముంటుంది?"

"చదవనండి. చెయ్యాల్సిందే బోలెడు." సారా ఊచ మీది పై కాగితం సర్దింది. "మాస్టారు మానేస్తారని నెల్లాళ్లు బెంగపడ్డానండి. రెండో కాగితం చివర ఎప్పుడూ రాస్తారు, అమ్మా, కళ్లు మంట పుడుతుంటే ఆపెయ్యి, రేపు చేద్దువుగాని అని. ఇక్కడ ఇంకెవరూ అలా రాయరు."

"ఈ కంప్యూటరు పాడైతే?"

"దీపక్ గారు చూస్తారండి. నెలకోసారి, మొదటి ఆదివారం. ఆ పూట నేను చర్చికెళ్తా, ఆయనొక్కరే కూర్చుని చేసుకుంటారు."

మంగళవారం కనకదుర్గ బాపట్ల వెళ్లింది. వేంకటసుబ్రహ్మణ్యం ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద పత్రికలు పేర్చి ఉన్నాయి. అవి తీసి కింద పెట్టి ఆమెను కూర్చోమన్నారు. కుర్చీ పట్టె మీద దుమ్ము పత్రికల అంచుల మేర నలుచదరంగా తేలింది. వంటింట్లో స్టవ్ లేదు. రెండు పూటలా మెస్సు నుంచి క్యారేజీ వస్తుందని చెప్పారు.

"మీరు ఏదైనా రాసేటప్పుడు ఎలా మొదలుపెడతారండి?"

"మా నాన్న తర్కం చదువుకున్నవాడమ్మా. ఆయన పద్ధతే నాది." ఆయన ఇంకా చెప్పబోయారు. ఆమె చాలన్నట్టు తల ఊపింది.

బుధవారం ప్రభుదాస్‌తో కలిసి తెనాలి నుంచి రేపల్లె పాసింజరు ఎక్కింది. దీపక్‌కు ముప్పై అయిదేళ్లు. షాపు అద్దం మీద "ఫోనుల్లో పాటలు ఎక్కించబడును" అని కాగితం అంటించి ఉంది. దాని అంచుల్ని పురుగు కొరికింది. వాళ్లున్న అరగంటలో నలుగురు వచ్చారు. నలుగురూ పాటలకే వచ్చారు.

"దేంతో అంటించారండి ఈ కాగితం?"

"మైదా ఉడకేసి. గమ్ము సీసా కొంటే వారానికి గడ్డకడుతుంది."

"ఆ డిస్కులు, అవి ఇంకా ఏమవుతాయంటారు?"

దీపక్ ముఖం వెలిగింది. కౌంటరు మీద చిత్తుకాగితం లాగి గీతలు గీశాడు. రేపు ఒక గదిలో మూడు బిట్లు కుక్కుతారని, అప్పుడు అరుగుదల ఇంకా పెరుగుతుందని, అయినా వస్తాయని చెప్పాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. పాటల కోసం వచ్చినవాడు విసిగి వెళ్లిపోయాడు.

"మాస్టారు దీనికి ఒప్పుకోరు, చూస్తూ ఉండండి," అన్నాడు చివర్లో.

తిరుగు రైల్లో ప్రభుదాస్ అడిగాడు. "పూర్ణచంద్రరావుకి వార్త కావాలి, సారాకి మాస్టారు కావాలి. వీళ్లిద్దరిలో ఎవరు మేడం?"

"కవరు ఎవరు విప్పారో కాదు ప్రభుదాస్ గారూ. మళ్లీ ఎవరు అంటించారు?"

ఆదివారం పదకొండింటికి అందరూ ప్రెస్సులో కూర్చున్నారు. సారా చర్చి నుంచి నేరుగా వచ్చింది. కనకదుర్గ కాగితాన్ని, కవరును బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ముందు మీ ప్రశ్నకు జవాబు. మీ బుర్రకు ఏమీ కాలేదు. ఈ కాగితం మీరే రాశారు. కవరు కోసం రాయలేదు."

ఆమె చిల్లు కనబడేలా కాగితాన్ని పైకెత్తింది.

"ఒకే ఒక్క కాగితానికి ఒకటి అని అంకె ఎవరూ వెయ్యరు. ఇంకో కాగితం ఉంటేనే వేస్తారు. మధ్యలో చిల్లు చూడండి. మడతపెట్టాక పడితే మూడు పడాలి. ఒకటే ఉంది. అంటే మడవకముందు, పరిచి ఉండగా గుచ్చారు. మీ కళ్లముందు కవరులోకి వెళ్లిన కాగితానికి ఊచ తగిలే వీల్లేదు. ఇది సారా గారి ఊచ మీంచి వచ్చింది. మాస్టారూ, మీ నాన్నగారి పద్ధతి ఇప్పుడు చెప్పండి."

"ముందు పూర్వపక్షం," అన్నారు ఆయన. "ఎదుటివాడి మాట. వాడు చెప్పేదానికన్నా గట్టిగా, నా మాటే అన్నట్టు రాయాలి. తర్వాత వేరే కాగితం మీద దాన్ని కొట్టెయ్యాలి, అది సిద్ధాంతం." కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. "ఇది దీపక్ వాదన. రాసింది నేను. రాశాక మనసులోంచి తీసేస్తాను, అందుకే గుర్తుపట్టలేదు." కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"ఇక మార్చింది ఎవరు. తాళంచెవి అందరికీ అందుతుంది. కవరు పక్క అతుకు పూర్ణచంద్రరావు గారు అంటించింది. తుత్తం ఉంది, పురుగు ముట్టలేదు. అడుగు అతుకును పురుగు తినేసింది. అది తుత్తం లేని మైదా. ఇక్కడ పనిచేసేవాళ్లకు ఈ గిన్నె ఉంది. వాళ్లు ఇంకో మైదా ఉడకెయ్యరు. మాస్టారింట్లో పొయ్యి లేదు. ప్రెస్సులో మైదానే వాడతారని తెలిసి, అందులో ఏం కలుపుతారో తెలియనివాడు చేసిన పని ఇది."

దీపక్ తల దించుకున్నాడు. "తుత్తం సంగతి నాకు తెలీదండి," అన్నాడు. "అక్టోబరులో తీసుకెళ్లా, నవంబరులో తెచ్చి పెట్టా."

"నువ్వు గెలిచావు కదరా," అన్నాడు పూర్ణచంద్రరావు. "గెలిచినోడివి ఇదేం పని?"

"గెలిచి ఎవరితో మాట్లాడనండి? ఆయన పేజీ మానేస్తే నేను ఎవరికి రాయాలి? రేపల్లెలో అందరూ పాటలు ఎక్కించమనేవాళ్లే. ఇక్కడికొచ్చినప్పుడల్లా ఊచ మీది ఒకటో కాగితాలు చదువుకునేవాణ్ణి. నా మాట నాకన్నా బాగా రాసేవారు ఆయన. అది పెడితే ఇద్దరం గెలుస్తాం, ఇద్దరం రాస్తాం అనుకున్నా. ఆయనకి ఇలా అనిపిస్తుందని అనుకోలేదు."

"వారం రోజులు," అన్నారు వేంకటసుబ్రహ్మణ్యం, "ఇంటి తాళం వేశానో లేదోనని వెనక్కి వెళ్లి చూసుకున్నానురా. నా కాగితం ఏది?"

దీపక్ జేబులోంచి పర్సు తీశాడు. కాగితం అందులో ఉంది. ఆయన దాన్ని విప్పి పైకి చదివారు. ఒక బిట్టు రకమే నిలుస్తుంది. రెండు బిట్ల రకం డిస్కులకు పనికిరాదు. 2012 దాకా మామూలువాడి కంప్యూటరులోకి రాదు. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"అక్షరం పొల్లుపోకుండా ఇదే. నేను గుర్తుపెట్టుకున్నదే." తర్వాత సారా వైపు తిరిగారు. "జనవరి నుంచి నా పేజీ ఉండదమ్మా. ఆ జాగా కూడా దీపక్‌కి ఇవ్వండి."

"మాస్టారూ," అన్నాడు దీపక్. "అవతల మనిషి లేకుండా ఏం రాయనండి?"

ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నారు. బాపట్ల రైలుకు ముప్పావు గంట ఉంది. గుమ్మం దగ్గర ఆగారు.

"పేజీ మానేస్తానన్నాను. పూర్వపక్షం మానేస్తానన్లేదు. మూడు బిట్ల మీద నీ సిద్ధాంతం నువ్వు రాయి. ఒకటో కాగితం, నీకెదురు వాదన, నేను పంపిస్తా. పూర్ణచంద్రరావు ఎలాగూ వెయ్యడు."

మెట్లు దిగి ఒక్కరే స్టేషను వైపు నడిచారు. దీపక్ కిటికీ దగ్గర నిలబడి చూశాడు. ప్రభుదాస్ నోటుబుక్కు మూశాడు. రాసుకోవడానికి ప్రశ్న లేదు.

సారా బల్ల మీది కాగితం తీసుకుని మడతలు సాపు చేసింది. ఊచను పాత చిల్లులోంచే పోనిచ్చి, దాన్ని మిగతా కాగితాల మీద దించింది.