పొద్దున నువ్వే చెప్పావుగా

ల్యాబులో అందరూ ఆయన్ని ముక్కల మాస్టారు అనేవారు. మతిమరుపు జబ్బుతో పోయినవాళ్లు పరిశోధనకి ఇచ్చి వెళ్లిన మెదళ్లను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, శాస్త్రవేత్తలకి అందించడం ఆయన పని.

"నా బుర్ర మాత్రం ఎవరూ కోయకండి. కత్తికి ఏమీ తగలక ముందుకి తూలిపడతారు" అని తన మీద తనే జోకులేసుకునేవాడు.

ఇంట్లో తల్లిదీ అదే జబ్బు. కొడుకు మొహం పోల్చుకోక రెండేళ్లయింది. ఎక్కడుందో తెలియక బెదిరినప్పుడల్లా ఉంగరం వేలితో మంచం ఊచని టక్ టక్ మని కొట్టేది. డాక్టరు చెప్పినట్టు ఆయన పక్కన కూర్చుని, "అమ్మా, ఇవాళ ఫలానా వారం. ఇది మనిల్లు. నేను నీ పెద్దకొడుకుని. భయం లేదు" అనేవాడు. అదే అలవాటు ల్యాబుకీ పాకింది. మెదడున్న సీసా మూత తీసేముందు, "పెద్దమ్మా, ఇవాళ సోమవారం. ఇది ల్యాబు. భయం లేదు" అనకపోతే ఆయన చెయ్యి ఆడేది కాదు.

"కాఫీ తాగుతుందేమో కూడా అడగండి మాస్టారూ" అని పక్క బల్ల అమ్మాయి ఏడిపించేది.

ఆ బుధవారం ముసురు. రాత్రంతా తల్లితో జాగారమే. రెప్పలు వాలిపోతున్నాయి. ఎవరో ముసలావిడ మెదడు... ఎండిన అక్రోటు కాయలా ముడుచుకుపోయి ఉంది. రెండు చేతులా పైకి తీసి, పరాకున అనేశాడు.

"అమ్మా, ఇవాళ బుధవారం. ఇది మనిల్లు. నేను నీ పెద్దకొడుకుని. భయం లేదు."

నాలుక్కరుచుకున్నాడు.

"ఇంకేం, ఇంటికి తీసుకెళ్లండి!" అంది అమ్మాయి. ఇద్దరూ పడీపడీ నవ్వారు. సగం కోసి, మిగతా సగం సీసాలో పెట్టేశాడు.

సాయంత్రం చెల్లెలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అన్నయ్యా! అమ్మ నిన్ను అడిగింది! 'మా పెద్దాడింకా రాలేదేం' అంది. నువ్వు లోపలికెళ్లు, నేను పాలు తెచ్చేస్తా" అని గొడుగు విప్పింది.

ఆయన గదిలో అడుగు పెట్టాడు. కరెంటు పోయింది. కిటికీ అవతల వాన. తడిబట్టల వాసన. దాని అడుగున ఘాటుగా ఇంకో వాసన... ల్యాబుది. తన చొక్కాదే అనుకున్నాడు. మంచం మీద ఆకారం లేచి కూర్చుంది.

"వచ్చావా పెద్దాడా?"

ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. "నన్ను... గుర్తుపట్టావా అమ్మా?"

"ఎందుకు పట్టను? పొద్దున నువ్వే చెప్పావుగా."

పొద్దున...

పొద్దున ఆయన బయల్దేరేసరికి తల్లి నిద్రలో ఉంది. ఇంట్లో ఏమీ చెప్పలేదు.

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన చేతిని పట్టుకుంది. చల్లగా. ఎన్నాళ్లో నీళ్లలో నానినట్టు మెత్తగా.

"నీ చెయ్యి తేలిక నాన్నా. నొప్పే తెలియలేదు."

అప్పుడు... బాత్రూం తలుపు వెనక...

టక్... టక్.

"ఎవరండీ...? ఇది ఎవరిల్లు?"

తల్లి గొంతు. బెదిరిపోయిన గొంతు.

ఆయన నోరు తెరిచాడు. పట్టుకున్న చెయ్యి బిగిసింది.

"పలక్కు," అంది గుసగుసగా. "ఆవిడకి నువ్వెవరో తెలియదు. నాకు తెలుసు."

ఒక్క మాట చాలు. 'అమ్మా, భయం లేదు.' అంతే. కానీ రెండేళ్లు... రెండేళ్లుగా ఎవరో పరాయివాణ్ని చూసినట్టు చూసిన ఆ కళ్లు...

టక్... టక్.

ఆయన పలకలేదు.

కరెంటు వచ్చింది. బాత్రూం ఖాళీ. మంచం మీద తల్లి నవ్వుతోంది. పాలతో వచ్చిన చెల్లెల్ని చూసి, "ముందు మా పెద్దాడికియ్యి, పొద్దున్నించీ ఒకటే కోత" అంది. చెల్లెలు ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకుంది.

మర్నాడు బాగా ఎండ కాసింది. ఆయన నిన్నటి సగం ఉన్న సీసా దించి బల్ల మీద పెట్టాడు. మూత మీద చెయ్యి వేశాడు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ పెద్దమ్మని పలకరించలేదు?" అంది అమ్మాయి.

గాజుకి లోపలి వైపు నుంచి, మెల్లిగా...

టక్... టక్.