పుల్పిట్ ముందు గుమ్మడి పూలు

ఆగస్టు మొదటి ఆదివారం ఉదయం 7 గంటల 50 నిమిషాలకు, పెద్దారవీడు మండలంలోని ఒక పల్లె చర్చిలో, పాస్టర్ పుల్పిట్ దగ్గర నిలబడి వాక్యం చెబుతుండగా, ఫెబీ టీచర్ దాని ముందున్న కూజాలోంచి ఒక గుమ్మడి పువ్వు తీసి రేకులు చించింది. తర్వాత ఇంకొకటి. మొత్తం నాలుగు.

కూజా నింపినవాడు శ్యాంసన్. వయసు ఇరవై ఆరు. డిగ్రీ చదివి, బోరు కింద ఎకరం గుమ్మడి వేశాడు. మూడు వారాలుగా ఆమె తననే చూస్తోందని అతని నమ్మకం. ఆ నమ్మకం మీద రెండు చొక్కాలు కొన్నాడు. ఆమె చూస్తున్నది అతని చేతిలోని పూలను.

ఫెబీది గిద్దలూరు. ఈ పల్లె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర అతన్ని ఆపింది.

"బ్రదర్, ఈ పూలు మీ చేలోవేనా?"

"అవును సిస్టర్. దేవుని పనికే గదా. ప్రతి వారం తెస్తాండా."

"అన్నీ మగ పూలే."

శ్యాంసన్ చుట్టూ చూశాడు. "చర్చి కాడ ఆ మాటలేంది సిస్టర్?"

"పదో తరగతి పాఠం. మిగతా రోజుల్లో కూడా కోస్తారా?"

"రోజూ తెల్లారి కోసి పారేస్తా. కింద పిందె లేనివన్నీ గొడ్డు పూలు. తీగ బలమంతా అవే తింటాయి."

"ఎవరు చెప్పినారు?"

"నాకే తోచింది."

"మరి పిందె ఉన్న పూలు?"

"నాలుగు రోజులకు పచ్చబడి రాలిపోతాండాయి. మార్కాపురంలో పురుగుమందుల షాపాయన మూడు రకాలిచ్చినాడు. మూడూ కొట్టినా."

"తేనెటీగలుండాయా?"

"ఒక్కటి లేదు. మందు బాగా పని చేసింది."

ఫెబీ మాట మార్చింది. "మీకు మేకలున్నాయి కదా?"

"పన్నెండు."

"పోతు?"

"ఒకటి. అది లేకుంటే ఈనేదెట్ల?"

"మేత దండగని దాన్ని కూడా తోలేయకపోయినారా?"

డిగ్రీలో శ్యాంసన్ సబ్జెక్టు కామర్స్.

అతని నాయన యోసేపు మార్కాపురం పలకల గనిలో పని చేస్తాడు. పోయినేడు మిరప పోయింది. ఈ ఏడు గుమ్మడికి ముందే గడువు పెట్టాడు. "సెప్టెంబరు ఆఖరుకు కాయ చూపియ్యి. లేకుంటే నాతో గనికి రా." చేలో అప్పటికి ఒక్క కాయ లేదు.

సోమవారం ఉదయం ఆరు గంటలకు ఫెబీ పదో తరగతి పిల్లలు పదిహేడు మందితో చేలోకి వచ్చింది. ప్రత్యుత్పత్తి పాఠాన్ని హెడ్మాస్టర్ వెంకటసుబ్బయ్య ఇరవై ఏళ్లుగా "ఇంటికాడ చదువుకోండి" అని వదిలేస్తున్నారు. ఊరి జనాభా మీద దాని ప్రభావం ఏమీ కనపడలేదు.

ఫెబీ ఒక మగ పువ్వు కోసి రేకులు తీసేసింది. మధ్యలోని కేసరాన్ని పిందె ఉన్న పువ్వు లోపల, కీలాగ్రానికి తాకించింది.

"పుప్పొడి ఇక్కడ పడాలి. ఇక్కడి నుంచి సన్నటి గొట్టం పెరిగి అండాశయంలోకి పోతుంది. అప్పుడే గింజ. గింజ పడితేనే పిందె నిలిచి కాయవుతుంది. తేనెటీగలు ఉచితంగా చేసే పని ఇది. వాటిని బ్రదర్ పంపించేసినాడు. ఇప్పుడు మనం చేయాలి."

పిల్లలు నవ్వారు. ఆమె పువ్వు శ్యాంసన్ చేతికిచ్చింది.

"చెయ్యి వణుకుతాందేంది?"

"చలి."

ఆ ఉదయం మార్కాపురంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 27 డిగ్రీలు.

పిల్లలకు పాఠం రెండు రోజుల్లో వచ్చేసింది. టీచర్ మాత్రం పదకొండు రోజులు వచ్చింది. ఏడో రోజు వాన పడింది. తడిస్తే పుప్పొడి పనికిరాదు. ఉన్నది ఒకటే గొడుగు. దాన్ని పువ్వుకు పట్టి ఇద్దరూ తడిశారు.

"టీచర్, మీకు జలుబు చేస్తాది."

"పువ్వును చూడు. నన్ను కాదు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి శ్యాంసన్ గమనించాడు. వానను మాత్రం గమనించలేదు.

మగ పూలు కోసి పారేయడం, మందు కొట్టడం ఆపేశారు. నెలాఖరుకు తేనెటీగలు తిరిగొచ్చాయి.

సెప్టెంబరు 28న యోసేపు చేలోకి దిగాడు. అరవై కాయల దాకా లెక్కపెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"ఏం మందు కొట్టినారమ్మా?"

"మందు మానేసినాం మామా," అంది ఫెబీ.

అంతకు ముందు వారం దాకా అతను ఆమెకు 'అంకుల్'. యోసేపు కొడుకు వైపు తిరిగాడు.

"ఏందిరా, అంకుల్ పోయి మామ ఎప్పుడొచ్చె?"

"నాకూ ఇప్పుడే తెలిసింది నాయనా."

"గనికి రావద్దులే." యోసేపు లేచి వెళ్లిపోయాడు.

శ్యాంసన్ చాలాసేపు తీగలు సర్దాడు. అవి సర్దే ఉన్నాయి.

"టీచర్, ఇంక పొద్దున్నే మీరు రానక్కర్లేదు."

"రావద్దంటావా?"

"రమ్మంటాండా. పని లేకపోయినా."

"ఈ ఒక్క మాటకు రెండు నెలలు పట్టిందా?"

"చర్చిలో మీరు నన్నే చూస్తాండారనుకున్నా."

"పూలనే చూసినా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నీ చేతిలో పూలు లేవు గదా."

అక్టోబరు మొదటి వారంలో యోసేపు రెండు గుమ్మడికాయలు తీసుకుని గిద్దలూరు వెళ్లాడు. ఫెబీ తల్లి యేసుమణి, అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది. యోసేపు కాయలు చూపించాడు. ఆమె ఒకటి చేత్తో ఎత్తి చూసి, కూర్చోమంది.

అక్టోబరు మూడో ఆదివారం ఉదయం 8 గంటల 5 నిమిషాలకు పాస్టర్ నిత్యానందం మూడు ఆదివారాలు చదవాల్సిన శ్యాంసన్, ఫెబీల పెళ్లి ప్రకటన మొదటిసారి చదివారు. అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పాలని అడిగారు. ఒక నిమిషం ఆగారు. ఎవరూ లేవలేదు.