నాలుగో కెమెరా లైటు

పదకొండు గంటల ఏడు నిమిషాలకి, నాలుగు కెమెరాల ఎదుట, లైవ్ ప్రోగ్రాంలో ఒక మనిషి కుర్చీలోంచి ఒరిగి చచ్చిపోయాడు. లక్షల మంది చూశారు. ఎలా చచ్చాడో మాత్రం ఒక్కరూ చూడలేదు.

"గుండెపోటని అందరినీ నమ్మించాం. కానీ విషం," అన్నాడు చీఫ్, ల్యాబ్ రిపోర్టు బల్ల మీద పడేస్తూ. "విదేశీ ముఠా కోడ్‌ని ఛేదించినవాళ్ళు ఇద్దరే. ఒకడు పోయాడు. రెండో మనిషి నాలుగింటికి అదే స్టూడియోలో కూర్చోబోతోంది."

ఏజెంట్ గద్ద చివ్వున లేచాడు. ఆ రెండో మనిషి అతని సొంత అక్క.

"ప్రోగ్రాం ఆపించండి సార్."

"ఆపితే ముఠా జారుకుంటుంది. పైగా మీ అక్క వింటుందా? భయపడి ఇంట్లో కూర్చోడానికా నేను చదువుకున్నదని నన్నే దులిపేసింది. టీవీలో వచ్చింది పదిసార్లు చూశాం. అందులో అతను తిన్నదీ లేదు, తాగిందీ లేదు. అక్కడి యాంకర్ మన మనిషే. వెళ్ళు."

మూడుంబావుకి గద్ద ఏసీ మెకానిక్ యూనిఫాంలో స్టూడియోలో దిగాడు. పెట్టుడు మీసం ఒకటే దురద. మేకప్ రూములో యాంకర్ అద్దంలోంచే అతన్ని చూసింది. ఆ చూపుకి నిజం మెకానిక్ అయితే స్క్రూడ్రైవర్ జారవిడిచేవాడు.

"గాలి చల్లగా రావడం లేదా మేడమ్?"

"ఆదివారం నుంచీ ఇంతే." కోడ్ కలిసింది.

"టీవీలో రాని ఫుటేజ్ ఏమైనా ఉందా?"

"ఎక్కడుంటుంది? ఎర్ర లైటు వెలిగిన కెమెరా ఒక్కటే చూస్తుంది. మిగతా మూడూ ఉత్త బొమ్మలే," అని ఆమె నవ్వింది.

కంట్రోల్ రూములో కెమెరాలు మార్చే బటన్లు నొక్కే ముసలాయన్ని అందరూ బాబాయ్ అంటారు. గద్ద ఐడీ కార్డు చూపించి, అదే ప్రశ్న వేశాడు.

"ఆ లైటు టీవీలోకి ఏది వెళ్తోందో చెబుతుంది, అంతేనయ్యా! ఈ కొత్త కెమెరాలొచ్చి వారమైంది. నాలుగూ దేని మెమరీ కార్డులో అది ఆపకుండా రికార్డు చేస్తూనే ఉంటాయి. యాంకర్లకి ఇవన్నీ ఎవరు చెప్తారు? లైటు వెలిగితే నవ్వుతారు, ఆరితే ఆవలిస్తారు."

బాబాయ్ పొద్దుటి కార్డులు తెచ్చాడు. షో మొదట్లో కొట్టిన క్లాప్ చప్పుడు ఆధారంగా మూడింటిని ఒకే క్షణానికి కలిపాడు. మూడూ మధ్యమధ్యలో అతిథిని వదిలి వేరే వైపు తిరిగాయి, వాటిలో ఏమీ లేదు. నాలుగో కార్డు ఇంకా కాపీ అవుతోంది. నాలుగు కావడంతో ఆయన వెళ్ళి బటన్ల ముందు కూర్చున్నాడు. లైవ్ మొదలైంది.

నాలుగు గంటల ఆరు నిమిషాలకి ఆ కార్డు తెరుచుకుంది.

పొద్దుటి షో. నాలుగో కెమెరా. లైటు ఆరి ఉన్న ఘడియ. యాంకర్ మంచినీళ్ళ గ్లాసు అతిథి వైపు జరుపుతోంది. గద్ద బొమ్మని పెద్దది చేశాడు. ఫోర్‌కే క్వాలిటీ, ఎంత పెద్దది చేసినా చెదరలేదు. ఆమె ఉంగరం రాయి పక్కకి తిరిగింది. తెల్లటి పొడి నీళ్ళలోకి రాలింది. అతిథి గటగటా తాగాడు.

గద్ద తలెత్తాడు. ఎదుటి తెర మీద, ఇప్పుడు, అక్క చేతిలో గ్లాసు!

స్టూడియో తలుపు లోపల గడియ. పరిగెత్తి లాభం లేదు. అతను బాబాయ్ ముందున్న మైకు లాక్కున్నాడు. అది నేరుగా యాంకర్ చెవిలో మోగుతుంది.

"మేడమ్, ఏసీ మెకానిక్‌ని. నాలుగో కెమెరా లైటు వెలగకపోయినా నిన్ను చూస్తూనే ఉంది. పొద్దున ఉంగరం తిప్పడం కూడా చూసింది. మా అక్క పెదవి తడిసిందో, తలుపు బయట నేనుంటా."

యాంకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గ్లాసు అక్క పెదవిని తాకబోతుండగా యాంకర్ చెయ్యి విసురుగా దానికి తగిలింది. గ్లాసు నేల మీద భళ్ళుమంది.

ముఠాకి అమ్ముడుపోయిన యాంకర్‌కి బేడీలు పడుతున్నా ఇంకా నమ్మకం కుదరలేదు. "లైటు వెలగలేదుగా!"

"అది మీకోసం పెట్టిన లైటు మేడమ్. కెమెరాకి దాంతో పనిలేదు."

అక్క బయటికొచ్చింది. గద్ద ఆమెని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళకి మీసం సగం ఊడింది.

"చచ్చేంత భయమేసిందే అక్కా."

"సరేలే. ఇంతసేపూ వాగి గొంతెండిపోయింది. గుక్కెడు నీళ్ళు తాగనిచ్చారా?"

గద్ద తన సంచిలోంచి బాటిల్ తీసిచ్చాడు. అక్క మూత తీసి, వాసన చూసి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ముందు నువ్వు తాగు."