వెనకదీపం చెప్పిన మాట

పొగమంచులో పటమటలంక వీధి నిండా బండ్లు జానెడు ఎడంతో జారిపోతున్నాయి. వాటికి స్టీరింగులు లేవు. వెనక ఎర్రదీపాలతోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ దీపాలు ఊహకందనంత వేగంగా మినుకుమంటున్నా మనిషి కంటికి నిలకడగానే కనిపిస్తాయి. ఆ భాషకు జనం వెలుగుపలుకు అని పేరు పెట్టుకున్నారు. అది వచ్చిన పుణ్యమా అని ఊళ్లో బండీ బండీ గుద్దుకోవడం మానేశాయి.

కనకవల్లి ఇంటి ముందున్న అంబాసిడర్ ఒక్కటే మూగది. భర్త పోయాక కూతురు హిమజ దాన్ని నడుపుతోంది. పాత బల్బులో తీగ వేడెక్కితే గాని వెలగదు, చల్లారితే గాని ఆరదు. అంత బద్ధకపు దీపానికి వెలుగుపలుకు ఎలా వస్తుంది? మొన్న వెనకాల వస్తున్న బండి, దీని సంగతి అర్థంకాక, బంపరు దాకా వచ్చి ఆగింది. అప్పటినుంచి కనకవల్లికి అన్నం సహించడం లేదు.

"ఎల్ఈడీలు వేయించకుండా గేటు దాటావో, చక్రాల కింద పడుకుంటానే!"

"పడుకో. నడుం పట్టేసిందని మళ్లీ నన్నే లేపమంటావు" అని నవ్వినా, హిమజ ఆటోనగర్ నుంచి మెకానిక్ మస్తాన్‌ను పిలిపించింది.

అతను ఎర్ర అద్దాలు విప్పి, బల్బులు తీసి, వెలుగుపలుకు వచ్చిన ఎర్ర ఎల్ఈడీ పలకలు బిగించాడు.

"తెల్లవైతే ఇంకా బాగా కనబడవా నాయనా?"

"ఎర్రద్దం ఎనక తెల్లదేస్తే గులాబీ రంగొస్తదమ్మా."

మలుపుదీపం వేసి చూశాడు. అది పిచ్చెత్తినట్టు టపటపా కొట్టుకుంది. కనకవల్లి గుండె పట్టుకుంది.

"భయపడమాకండమ్మా. కొత్తవి కరెంటు తక్కువ తాగుతయ్. బల్బు మాడిందేమోనని, దీపాన్ని మినుకుమనిపించే పాత రిలే కంగారు పడుతోంది, అచ్చం మీలాగే" అంటూ రిలే మార్చేశాడు.

మర్నాడు హిమజ బయల్దేరింది. తండ్రి అలవాటే ఆమెది. వీధి మలుపులో బ్రేకు రెండుసార్లు నొక్కుతుంది. ఒకటి వెళ్తున్నానని, రెండోది వస్తానని. రెండోది వెలిగేదాకా కనకవల్లి గేటు వదలదు.

ఈసారి ఎర్రటి వెలుగు మంచును చీల్చుకుని రెండుసార్లు మెరిసింది. అంతే, వీధిలో బండ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"అయ్యో, గుద్దేశారు!" కనకవల్లి చెప్పులైనా లేకుండా పరుగెత్తింది.

ఏమీ కాలేదు. వెలుగుపలుకులో లేని మాట ఎదురయ్యేసరికి బండ్లు ఆగాయంతే. అది గేటు దగ్గరి మనిషి కోసం చెప్పిన మాటని పోల్చుకుని, నేర్చుకుని, కదిలాయి.

వారం తిరిగేసరికి, ఏ ఇంటి గేటులో మనిషి కనబడినా చాలు, ఆ ఇంటి బండి మలుపులో రెండుసార్లు వెలిగించి వెళ్లసాగింది. పాలపాకెట్టు కోసం బయటికొచ్చిన ఎదురింటి దమయంతి, తమ బండి అలా వెలిగించడం చూసి నిలబడిపోయింది.

"చూశారా వదినగారూ, మా బండి నాకు వెళ్లొస్తానంది!"

"మరి అందులో కూర్చున్న మీ అబ్బాయి?" అంది కనకవల్లి.

"వాడికి ఫోన్లోంచి తల ఎత్తే తీరికేదీ? బండికున్నపాటి బుద్ధి లేదు."

మర్నాడు పాలపాకెట్టు పని లేకపోయినా దమయంతి గేటులోకొచ్చింది. కొడుకు బండి గేటు దాటగానే చెయ్యెత్తి ఊపింది. మనిషి చెయ్యెత్తితే ఆగడం బండ్లకు పుట్టుకతో వచ్చిన నియమం. ఆగింది. కొడుకు తలెత్తాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదురా. వెళ్లిరా."

అతను తల్లినే చూస్తుండిపోయాడు. బండి కదిలింది. మలుపులో దీపాలు వెలిగేలోపే కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చి ఊగింది.

"చెయ్యి లోపల పెట్టుకోరా!" ఎదురెదురు గేట్లలోంచి తల్లులిద్దరూ ఒక్కసారే కేకేశారు.