ఎడమ వైపు దూది

పొద్దున్నే కుట్టుమిషన్ మోగుతోందంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవని లెక్క. దర్జీగారు ముందుగదిలో కూర్చుని, వచ్చే వారం ఇవ్వాల్సిన చొక్కాకు ఇవాళే కాలర్ తిప్పి కుడుతున్నారు. భార్య టీ గ్లాసు మిషన్ పక్కన పెట్టి, ఆయన మొహం చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

నెల రోజులుగా ఇదే వరస. అమ్మమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయిందని కూతురు జన్యుపరీక్ష చేయించుకుంది. జబ్బు ఇంకా రాలేదు కానీ, తెచ్చిపెట్టే లోపం మాత్రం ఉందన్నారు. నాన్న వైపు ఎవరికైనా వచ్చిందా అని డాక్టరమ్మ అడిగితే, "మా వైపా? ఎవరికీ లేదండీ" అన్నారు దర్జీగారు. ఆ రోజు నుంచీ తల్లి నేరమంతా తన నెత్తిన వేసుకుని కుమిలిపోతోంది.

కూతురు ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి మిషన్ ముందు నిలబడింది.

"అమ్మ రిపోర్టు వచ్చింది నాన్నా. అమ్మకి లేదు."

"పోన్లే, మంచిదే కదా!"

"అంటే నాకు మీ నుంచి వచ్చినట్టే."

"మగాణ్ణి, నాకెందుకుంటుందే ఆడాళ్ళ జబ్బు?"

"జబ్బు రానక్కర్లేదు. మగాళ్ళ నుంచి కూడా పిల్లలకొస్తుందట."

తల్లి గుమ్మంలోకి వచ్చింది. "దీని మొహం చూడలేక నెల రోజులు చచ్చానండీ! పోయిన మా అమ్మని కూడా తిట్టుకున్నాను. మీరేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఏం దాస్తున్నారు?"

మిషన్ ఆగింది. ఆయన అడుగు సొరుగులోంచి పాత కొలతల పుస్తకం తీసి, ఒక పేజీ తిప్పి కూతురి చేతికిచ్చారు. పైన 'చెల్లి' అని ఉంది. కొలతల కింద ఇంకో ముక్క: ఎడమ వైపు దూది, నాలుగు పొరలు.

"అత్త కడుపునొప్పితో కదా పోయింది?" అంది కూతురు.

"అందరికీ అలా చెప్పాం. ఆపరేషన్ చేసి ఒక వైపు తీసేశారు. తేడా కనబడకుండా జాకెట్లు కుట్టమని నా దగ్గరికొచ్చింది. 'అన్నయ్యా, నా కూతురికి పెళ్ళి కావాలి, ఎవరికీ చెప్పకు' అని ఒట్టేయించుకుంది. అది నన్ను ఆఖరుగా అడిగింది అదొక్కటే."

"అత్తకి అప్పుడెన్నేళ్ళు?"

"ముప్ఫై తొమ్మిది."

"అత్త కూతురు, వదినకి ఇప్పుడు ముప్ఫై ఏడు నాన్నా!"

భార్య కోపం ఎటు పోయిందో, వచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూలబడింది. "పెళ్ళి కోసం దాచమంది. ఆ పిల్లకి పెళ్ళయి పదేళ్ళయింది. ఇంకా ఎవరి కోసమండీ?"

ఇన్నేళ్ళూ ఆయన చెల్లెల్ని కాపాడుతున్నాననుకున్నారు. మేనకోడలికి ఫోన్ చేశారు.

"ఏంటి మావయ్యా, పొద్దున్నే?" అచ్చం చెల్లెలి గొంతే.

"నువ్వోసారి కూర్చోమ్మా. మీ అమ్మకి నేను కుట్టిన జాకెట్లు..."

ఆమె ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

"దూది సంగతా మావయ్యా? నాకు తెలుసు. పదేళ్ళప్పుడు అమ్మ జాకెట్టు తొడుక్కుని చూశాను. మీరెవరూ ఆ మాట ఎత్తలేదని నేనూ అడగలేదు. ఎవరో ఒకరు చెప్తారని చూస్తూనే ఉన్నాను. పరీక్షకి వెళ్దామని రెండుసార్లు ఆస్పత్రి గేటు దాకా వెళ్ళొచ్చాను. ఒక్కదాన్నే కదా, భయమేసింది."

దర్జీగారు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు నేనొస్తానమ్మా," అన్నారు కాస్త తేరుకుని. "నేనూ ఇవ్వాలి రక్తం. ముందు నాది తియ్యమందాం. నువ్వు నా పక్కనే కూర్చుందువుగాని."