ఒకే నేరం, రెండు కాగితాలు

ఆ ఉదయం తొమ్మిదింటికి చిన్నజడ్జిగారు ఒక మనిషికి ఏడేళ్ళ జైలు వేసి, టీ కప్పు అందుకున్నారు.

నిజానికి ఆయన జడ్జి కాదు. కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఎవరికెంత శిక్ష పడుతుందో తీర్పు రాకముందే చెప్పేస్తారని తోటి గుమాస్తాలు పెట్టిన పేరది. ఇప్పుడు ఆయన ముందున్నది కూతురు ఇచ్చిన కాగితం. ఒక నేరం గురించి చదివి మామూలు జనం ఎంత శిక్ష వేస్తారు, ఎందుకు వేస్తారు అన్నదే యూనివర్సిటీలో ఆ అమ్మాయి పరిశోధన. బయటివాళ్ళకు పంచే ముందు ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో చూద్దామని అమ్మకొకటి, నాన్నకొకటి ఇచ్చింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నింపమని మరీ మరీ చెప్పి స్నానానికి వెళ్ళింది.

ముప్ఫై ఏడేళ్ళ సంసారంలో అలాంటి ఘనకార్యం ఆ దంపతులు ఎన్నడూ చేసి ఎరగరు.

"మీరెంత వేశారు?" అంది భార్య, బీన్స్ తుంచుతూ.

"ఏడేళ్ళు. నువ్వు?"

"మందలించి ఇంటికి పంపమన్నాను."

ఆయన కప్పు కింద పెట్టేశారు. పక్కింటివాణ్ణి ఇనుప రాడ్డుతో కొట్టినవాణ్ణి మందలించి పంపడమేమిటని నిలదీశారు. ఆవిడ ఇంకా వింతగా చూసింది. ముసలితల్లిని జుట్టు పట్టుకుని ఈడుస్తుంటే కొడుకన్నవాడు చేతులు కట్టుకుని నిలబడతాడా అంది. ఏ తల్లి, ఎవరి జుట్టు అన్నారాయన. నాకు చదవడం కూడా రాదంటారా అందావిడ. మాటా మాటా పెరిగింది.

"మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. సొంత తమ్ముడికే దిక్కు లేదు, కాగితంలో ఉన్న మనిషెంత మీకు?"

నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. అన్నాక ఆవిడే తల దించుకుంది.

ఆయన తమ్ముడు లారీ డ్రైవరు. ఆరేళ్ళ శిక్షలో నాలుగేళ్ళు పూర్తి చేశాడు. చేర్చుకోవడానికి ఒక ఇల్లు ఒప్పుకుంటే మిగతా రెండేళ్ళు బయటే, అధికారుల కనుసన్నల్లో గడపవచ్చు. లేదంటే లోపలే. ఆ మాట అడగడానికే ఆ రోజు పదకొండింటికి ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికి వస్తోంది. చెప్పాల్సిన జవాబు ఆయన వారం క్రితమే సిద్ధం చేసుకున్నారు. కుదరదు.

పై అంతస్తులో తమ్ముడి విచారణ జరుగుతున్నన్నాళ్ళూ ఆయన కింద గదిలో టైపు కొడుతూ కూర్చున్నారు. ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు. చార్జిషీటు మాత్రం తెప్పించుకుని చదివారు. లారీ ఒక మనిషిని గుద్దింది. ఆ మనిషి చనిపోయాడు. డ్రైవరు ఆపకుండా పారిపోయాడు. అలాంటి వాక్యాలు ఆయన చేతి మీదుగా వేలకు వేలు వెళ్ళాయి. ఇంకేం తెలియాలి? జైలు నుంచి వచ్చే ఉత్తరాలు భార్య చదువుకునేది. ఆయన వాటిని ముట్టుకోలేదు.

కూతురు తల తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి మొహాలూ చూసింది.

"సరిగ్గా ఇవాళే నీకీ కాగితాలు గుర్తొచ్చాయా?" అన్నారాయన. "సూటిగా చెప్పలేక నా మీద ఈ నాటకమాడావా?"

అమ్మాయి తెల్లబోయింది. అలాంటిదేం లేదని, వచ్చే వారమే పంచాలి కాబట్టి ఇచ్చానని చెప్పింది. తరవాత రెండు కాగితాలూ పక్కపక్కన పరిచింది. కొట్టినవాడు ఒకడే, రాడ్డూ ఒకటే. నాన్న కాగితంలో దెబ్బ తిన్నవాడి సంగతులు రాసింది, అమ్మ కాగితంలో కొట్టినవాడి సంగతులు. సగం మందికి ఒకటి, సగం మందికి మరొకటి. తమకు తెలిసిందాన్ని బట్టి జనం శిక్ష ఎలా మారుతుందో చూడాలి.

"అయినా మాట్లాడేసుకున్నారుగా, ఇక మీరిద్దరూ నాకు పనికిరారు," అంది తేలిక చేయబోతూ. ఎవరూ నవ్వలేదు.

తల్లి ఆయన కాగితం లాక్కుని చదువుతోంది. "కన్ను పోయిందా? నా దాంట్లో ఆ ముక్కే లేదే," అంది నెమ్మదిగా.

ఆయన భార్య కాగితం చదివారు. ఏడు కొట్టేసి మూడు వేశారు. పోయిన కన్ను గుర్తొచ్చి మూడు కొట్టేసి అయిదు వేశారు. పక్కింటివాడు జుట్టు పట్టి ఈడుస్తున్న ముసలితల్లి కళ్ళ ముందు మెదిలింది. అయిదూ నిలవలేదు. ముప్ఫై ఏళ్ళుగా అరక్షణంలో తేల్చే మనిషికి ఆ పూట ఒక్క అంకె చిక్కలేదు.

"ఇంతకీ జవాబేమిటే?" అన్నారు కూతురితో.

"నాకూ తెలీదు నాన్నా."

పదకొండింటికి ఆఫీసరు వచ్చింది. గదులెన్ని, ఎవరెవరుంటారు, మనిషికి పని దొరుకుతుందా అని అడిగి రాసుకుంది. ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయనే అడ్డు తగిలారు.

"వాడు కోర్టులో ఏం చెప్పుకున్నాడు మేడమ్?"

ఆమె ఫైలు తెరవబోయింది. ఈలోగా భార్య అందుకుంది, ఉత్తరాలన్నీ తనకు కంఠతా వచ్చని, తాను చెబుతానని.

"వద్దు," అన్నారాయన. "నువ్వు చెబితే అది నీ కాగితం. చార్జిషీటు నా కాగితం. వాడి నోటితో వినాలి. ఆ పోయినాయన ఇంటివాళ్ళ గురించి కూడా వినాలి. అసలు నేనేమీ వినలేదు."

ఆఫీసరు ఆగి చూసింది. "ఇప్పుడు నేనేం రాసుకోను సార్?"

"వాణ్ణి క్షమించానో లేదో తెలియడం లేదని రాసుకోడానికి చోటుందా?"

"లేదు. ఈ ఇంట్లో ఉంటాడా, ఉండడా, అంతవరకే."

ఆయన భార్య వైపు చూశారు.

"ఉంటాడు," అన్నారు.

ఆమె రాసుకుని కాగితం ఇటు తిప్పింది. ఆయన సంతకం చేశారు. కింద ఒక గీత ఖాళీగా ఉంది.

"ఖైదీకి మీరేమవుతారో మీ చేత్తోనే రాయాలి సార్."

జీవితమంతా మిషను మీద తప్పు పోకుండా కొట్టిన వేళ్ళు కలం పట్టుకుని చాలాసేపు కదల్లేదు. తరవాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ 'అన్నయ్య' అని రాశారు. కాగితం తిరిగి ఇవ్వబోయి ఇవ్వలేక, మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చేశారు.