గిర్ని ఆగిన పొద్దు

మిర్యాలగూడలో గొడవలు సద్దుమణిగి, మూతపడ్డ బియ్యం మిల్లులు, అదే గిర్నులు, మళ్ళీ తిరుగుతున్న రోజులవి. రామలింగం గారి ఇల్లు, గిర్ని ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. తెల్లవారుతూనే ఇంజను దడదడ మొదలయ్యేది. అందుచేత ఆ ఇంట్లో ఉప్పు అడిగినా, ఒంట్లో ఎలా ఉందని అడిగినా గొంతు చించుకునే అడిగేవారు.

ఆ ఉదయం ఇంజను మోతలోనే కోడలు పుష్పావతి ఐదు నెలల కొడుకుకు నూనె రాస్తోంది. కిందటి అమావాస్య వెళ్ళాకే కోదాడ పుట్టింటి నుంచి పిల్లవాడితో వచ్చింది. అత్త ఆండాళు పిల్లిలా వెనక నుంచి వచ్చి, ఇత్తడి తాంబాళం మీద గరిటెతో ఒక్కటి వాయించింది. నూనె గిన్నె ఎగిరిపడింది. దొడ్లో బర్రె తాడు తెంపుకుంది. పిల్లవాడు మాత్రం తీరిగ్గా కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళుగా ఇదే వరస. సైకిలు గంట అయింది. శంఖం ఊది రామలింగం గారు దగ్గు తెచ్చుకున్నారే తప్ప మనవడు తల తిప్పలేదు.

"ఇగ దాస్తే దాగదు. పిల్లగానికి చెవులు లెవ్వు," అంది ఆండాళు.

కోదాడలో పిలిస్తే పలికేవాడని పుష్పావతి ఎన్నోసారో చెప్పింది. "ఎర్ర రవికెగుడ్డ ఊపితే కళ్ళు దాని వెంటే తిప్పుతాడు అత్తయ్యా. వేలు అందిస్తే వదలడు. వాడికన్నీ తెలుస్తున్నాయి."

"కండ్ల సంగతి ఎవలడిగిన్రు? మీ మేనమామకు గూడ గిట్లనే గద. రేపు అమాస. ఎల్లుండి బండి కట్టిస్త. పిల్లగాడు ఇనేదాంక మీ అమ్మకాడనే ఉండు."

పుష్పావతి భర్త వడ్ల బేరానికి సూర్యాపేట పోయాడు. అడ్డం చెప్పే మనిషి లేడు. పుష్పావతి కళ్ళు తుడుచుకుని పెట్టె సర్దింది.

అమావాస్యనాడు గిర్ని నడపరు. ఇంజనుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి వదిలేస్తారు. ఆ పొద్దున రామలింగం గారు అలవాటుకొద్దీ మంచినీళ్ళకని అరిచి, తన గొంతుకు తానే జడుసుకున్నారు. దడదడ జోల లేక పిల్లవాడు నిద్రపోక ఏడుస్తున్నాడు.

కోపం ఎంతున్నా, మనవడి అన్నప్రాశనకు పాతబియ్యం పంపకుండా ఉండలేక ఆండాళు చాట ముందేసుకుంది. బియ్యం సరసరమన్నాయి. ఏడుపు ఆగింది. ఆమె చెయ్యి ఆపింది. ఏడుపు మొదలైంది. మళ్ళీ చెరిగింది, మళ్ళీ ఆగింది. ఆమె మెల్లగా లేచి, పిల్లవాడి వెనక్కి పోయి, గుప్పెడు బియ్యం చాటలోకి సన్నగా జారవిడిచింది. వాడు మెడ తిప్పి వెతికాడు.

"చిన్నోడా," అంది.

ఆ ఇంటికి కాపురానికి వచ్చాక అంత నెమ్మదిగా ఆమె ఎవరినీ పిలిచి ఎరగదు. వాడు ఆమె ముఖంలోకి చూసి బోసినోరంతా తెరిచి నవ్వాడు.

ఆండాళు కోడలి వైపు తిరిగింది. "వానికి చెవులున్నయే పుష్పా. గిర్ని మోతకు అలవాటువడ్డోనితోని నేనే ఇన్నొద్దులు మాట్లాడలే, మొత్తుకున్న." కొంగుతో కళ్ళొత్తుకుని, తానే వెళ్ళి పెట్టె విప్పి కోడలి చీరలు దండెం మీద వేసింది.

తర్వాత వసారాలో కూర్చున్న మొగుడికి వంటింట్లోంచే, గొంతు పెంచకుండా చెప్పింది: "రేపటిసంది పగటి అన్నాలప్పుడు గిర్ని జర బంద్ పెట్టాలె. పిల్లగాడు మా మాట ఇనాలె."

ఇన్నేళ్ళూ ఇంజను మోతలో ఏమీ వినపడలేదని తప్పించుకుంటూ వచ్చిన రామలింగం గారు, అచ్చం మనవడిలాగే మెడ తిప్పారు.

"ఇనవడ్డదా?"

"ఇనవడ్డది," అన్నారాయన దిగులుగా.